పద్నాలుగు 'గుర్తించు'లు

అమ్మాయీ,

నీ కథ నిన్న రాత్రి చదివాను. ఏడు పేజీల్లో పద్నాలుగు చోట్ల 'గుర్తించు' ఉంది, పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ లెక్కపెట్టాను. కువైట్ నుంచి తొమ్మిదేళ్ళకి వచ్చిన కొడుకుని తల్లి గుర్తించింది. ఇల్లు బోసిపోయిందని కొడుకు గుర్తించాడు. తమ్ముడు తన తప్పు గుర్తించాడు. జిల్లా పేజీలో పోలీసుల వార్త చదువుతున్నట్టుంది, మృతుడి జేబులో ఆధార్ కార్డు దొరకడం ఒక్కటే తక్కువ!

నువ్వు ముందు మనసులో 'రికగ్నైజ్' అనుకుని తర్వాత తెలుగు రాస్తున్నావు. కాదనకు, ఇరవై ఏళ్ళు పత్రిక డెస్కులో కూర్చుని వార్తా ఏజెన్సీల ఇంగ్లిష్ వార్తలు తెలుగు చేసినవాణ్ణి, ఆ జబ్బు నాకు తెలుసు.

ఇంగ్లిష్ వాళ్ళకి ఆ మాట చెల్లుతుంది. లాటిన్‌లో దాని పుట్టుకే 'మళ్ళీ ఎరగడం', మన పండితులు 'ప్రత్యభిజ్ఞ' అన్నట్టు. పాత స్నేహితుణ్ణి సంతలో గుర్తుపట్టినా రికగ్నైజే, ఒక దేశం ఇంకో దేశాన్ని దేశమని ఒప్పుకున్నా రికగ్నైజే, పనిమంతుడికి శాలువా కప్పినా అదే, అమెరికా చట్టసభలో సభాపతి ఒకాయనకి మాట్లాడే వంతు ఇచ్చినా అదే. సర్కారు పనులకి మనమూ 'గుర్తింపు' వాడుకుంటున్నాం, దానికి నాకేం అభ్యంతరం లేదు. గుర్తింపు కార్డు, గుర్తింపు ఉన్న స్కూలు, సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు. 2008లో తెలుగు ప్రాచీన భాష అని కేంద్రం గుర్తించింది, బాగానే ఉంది. ముద్ర పడే కాగితం మీద ఆ మాట ఉండనీ. తల్లి గడపలోకి దాన్ని ఎందుకు తెచ్చావు?

తల్లి గుర్తుపడుతుంది, పోల్చుకుంటుంది, ఆనవాలు పడుతుంది. ఇల్లు బోసిపోయిందని కొడుక్కి తెలుస్తుంది, లేదా ఊరికే కనిపిస్తుంది. తమ్ముడికి తప్పు తెలిసొస్తుంది, ధైర్యం ఉంటే ఒప్పుకుంటాడు. ఇవన్నీ ఇంట్లో ఉండగా ఒక్కదాన్నే పట్టుకు వేలాడతావేం?

అటునుంచి ఇటే కాదు, ఇటునుంచి అటూ ఇదే తంటా. పెళ్ళిళ్ళలో "గుర్తుపట్టారా?" అనేదాన్ని "డిడ్ యూ రికగ్నైజ్ మీ?" చేస్తాం, ఇంగ్లిష్ వాళ్ళయితే అక్కడ "డూ యూ రిమెంబర్ మీ?" అంటారు. నీ ఉత్తరంలో "ఐ యామ్ రికగ్నైజింగ్ మై మిస్టేక్స్" అని కూడా రాశావు. ఆ 'ఇంగ్' అక్కడ అతకదు.

నా మొదటి కథలో "నాయనమ్మ నన్ను పోల్చుకుంది" అని రాశాను. ఎడిటర్ గారు దాన్ని "గుర్తించింది" చేసి అచ్చేశారు. అడగడానికి బస్సెక్కి వెళితే, ప్రాంతీయ పదం, అందరికీ అర్థం కాదు అన్నారు. ఆయన ఊరూ మా పక్క మండలమే. బస్సు చార్జీలు కూడా రాని పారితోషికం చేతిలో పెట్టి పంపారు. ఆ పత్రిక ఎప్పుడో మూతపడింది, నాకేం బెంగ లేదు.

మా నాయనమ్మకి చివర్లో రెండు కళ్ళకీ శుక్లాలు. హాస్టల్ నుంచి నేను ఎప్పుడొచ్చినా వీధి తలుపు గొళ్ళెం రెండుసార్లు లాగేవాణ్ణి, మొదటిసారి ఎప్పుడూ జారిపోయేది. రెండో చప్పుడు కాకముందే లోపల్నుంచి "అన్నం ఉందిరా, కాళ్ళు కడుక్కో" అనేది. ఆవిడ నన్ను గుర్తించిందని రాయమంటావా?

నీ కథలో ఒక్క వాక్యం ఉంది. తల్లి కొడుకు మొహం చూడకుండా చెప్పుల్లోంచి బయటికొచ్చిన కాలివేళ్ళు చూసింది, బొటనవేలి మీదికి ఎక్కిన రెండో వేలు. అక్కడ కాగితాలు పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను. అంత రాసిన పిల్లవి, వెంటనే "వచ్చింది తన కొడుకేనని గుర్తించింది" అని ఎలా రాశావమ్మా! మాకు తెలీదనుకున్నావా?

కాపీ పోస్టులో వెనక్కి పంపుతున్నాను. పదమూడు చోట్ల నేను ఏమీ రాయలేదు, నువ్వే వెతుక్కో. కాలివేళ్ళ తర్వాతి వాక్యం మాత్రం కొట్టేశాను. మారుపేరు పెట్టుకోవాలా అని, పుస్తకం ఎవరు వేస్తారని ఏదో అడిగావు. ఆ ఉత్తరం ఎక్కడో పెట్టాను, కనపడటం లేదు.