ఈతనే కెరీర్‌గా తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. స్విమ్మింగ్‌లో రాష్ట్ర స్థాయిలో రెండు పతకాలు వచ్చాయి. స్కూల్ మానేసి పూర్తిగా ఈత మీదే ఉంటానంటున్నాడు. ఛాంపియన్ అయితే పేరు, ఉద్యోగం వాటంతటవే వస్తాయని వాడి ధీమా. మాకేమో టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: వస్తాయండీ, అబద్ధమేం కాదు. అయితే వచ్చాక ఏమవుతుందో బాబుకి ఎవరూ చెప్పినట్టు లేరు. ఒకసారి కూర్చోబెట్టి వీర్ధవల్ ఖాడే సంగతి చెప్పండి.

కొల్హాపూర్ కుర్రాడు. పదహారేళ్లకే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఈదాడు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 50 మీటర్ల బటర్‌ఫ్లైలో కాంస్యం తెచ్చాడు. 1986లో ఖజాన్ సింగ్ రజతం గెలిచాక, ఆ క్రీడల ఈతలో మనకు మళ్లీ పతకం రావడానికి 24 ఏళ్లు పట్టింది. మరుసటి ఏడాది అర్జున అవార్డు. ఆపైన మహారాష్ట్ర ప్రభుత్వంలో తహసీల్దార్ ఉద్యోగం. ఇంకేం కావాలి అనిపిస్తుంది కదా? ఆ ఉద్యోగంలో పడ్డాక ప్రాక్టీస్‌కి టైమ్ దొరక్క కొన్నేళ్లు పూల్‌కి దూరమయ్యాడు. మళ్లీ దిగి, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్ ఈదాడు. అతని టైమ్ 22.47 సెకన్లు. కాంస్యం గెలిచిన జపాన్ స్విమ్మర్‌ది 22.46. నాలుగో స్థానం!

పేరంటారా, ఖాడే పేరు మీరు ఇంతకుముందు విన్నారా? క్రికెట్‌లో ఇందులో సగం సాధించినా ఇంటింటికీ తెలిసిపోయేవాడు.

ఇక మీ విషయం. పోటీకి నలుగురే వస్తే ముగ్గురికి పతకాలొస్తాయి. అందుకని పతకాలు పక్కన పెట్టి, 50 మీటర్ల పూల్‌లో బాబు టైమింగ్ ఏడాదిలో ఎంత తగ్గిందో కోచ్‌ని అడగండి. జూనియర్ నేషనల్స్‌లో అదే వయసు పిల్లల టైమింగ్‌తో పోల్చి చూడండి. సజన్ ప్రకాశ్‌కి 2021లో టోక్యో ఒలింపిక్స్ బెర్త్ తెచ్చింది గడియారమే. 200 మీటర్ల బటర్‌ఫ్లైకి 1:56.48 కావాలి, అతను 1:56.38లో ముగించాడు. అలా ‘ఎ’ ప్రమాణం, అంటే ఒలింపిక్స్‌కి నేరుగా అర్హత ఇచ్చే టైమ్, అందుకున్న మొదటి భారతీయ స్విమ్మర్ అతనే. అమెరికా యూనివర్సిటీలు స్విమ్మర్లకు స్కాలర్‌షిప్ ఇచ్చేటప్పుడు కూడా ముందు చూసేది టైమింగే.

స్కూల్ మాత్రం మాన్పించకండి. రైల్వే, పోలీస్ స్పోర్ట్స్ కోటా పోస్టులకు కూడా కనీస విద్యార్హత అడుగుతారు. ప్రాక్టీస్ ఎటూ పొద్దున, సాయంత్రం. పోటీల రోజులకు హాజరు మినహాయింపు ఇవ్వమని ప్రిన్సిపాల్‌కి లెటర్ పెట్టండి. మరీ కుదరకపోతే ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి రాయించవచ్చు.

ఇవాళే ఒక నోట్‌బుక్ కొని బాబు చేతికివ్వండి. తేదీ, ఈవెంట్, టైమ్ వాడే రాసుకోవాలి, బాగా రాని రోజుది కూడా. ఆరు నెలలయ్యాక ఆ పేజీలు దగ్గర పెట్టుకుని మళ్లీ నాకు రాయండి. అప్పుడు స్కూల్ సంగతి మాట్లాడదాం.