బండికి ఇన్సూరెన్స్ ఉంది సరే, మీకుందా?

రాయగడ నుంచి ఒక పాఠకుడు రాశారు. వయసు 31, ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజరు, చేతికొచ్చే జీతం 34,000, ఇంటి ఖర్చు 26,000. భార్య, మూడేళ్ల పాప, అమ్మానాన్న అందరూ ఆయన మీదే. జూన్‌లో ఇద్దరు స్నేహితులతో బండి మీద లద్దాఖ్ వెళ్లాలట. ఖర్చు 1,40,000. బ్యాంకులో ఉన్న 46,000 మొత్తం తీసేసి, అమ్మ గాజులు కుదువపెట్టి 54,000, తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి 40,000 తెస్తారట. "నాన్న పేరు మీదున్న బండి, కొని మూడేళ్లయింది, ఇన్సూరెన్స్ ఉంది, కాబట్టి రిస్క్ లేదనుకుంటున్నాను. వెళ్లమంటారా?" అని అడిగారు.

ఈ జూన్‌లో వద్దు. వెళ్లడం తప్పని కాదు. మీ ఉత్తరంలో ఉన్న ఆ "ఇన్సూరెన్స్ ఉంది" అన్న మాటే నన్ను భయపెట్టింది, ఎందుకంటే మన వైపు పదిమందిలో ఎనిమిది మంది ఇదే మాట అంటారు.

కొత్త టూ వీలర్‌కి 2018 సెప్టెంబరు నుంచి థర్డ్ పార్టీ ఐదేళ్లకు ఒకేసారి కట్టించుకుంటున్నారు. అది మీరు గుద్దిన ఎదుటివాడి కోసం. ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగే నష్టానికి ఇచ్చేది, ఏడాదికే తీసుకుని ఉంటే, నాన్నగారు రెన్యువల్ చేయించకపోతే అది ఎప్పుడో పోయింది. ఇక 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటుంది కదా అంటారు. దాని షరతు చదవండి: ఆర్‌సీలో ఉన్న ఓనరే నడుపుతూ ఉండాలి, పాలసీ ఆయన పేరు మీదే ఉండాలి, లైసెన్సు ఉండాలి. ఆర్‌సీలో పేరు నాన్నగారిది, ఐదు వేల కిలోమీటర్లు దాటి నడిపేది మీరు. రేపు ఏదన్నా అయితే ఇంట్లోవాళ్లు కోర్టుకెళ్లి తేల్చుకోవాలి. పైగా అది ప్రాణం పోయినా, అవయవాలు శాశ్వతంగా దెబ్బతిన్నా ఇచ్చే డబ్బు. కాలు విరిగి మంచంలో ఉంటే రూపాయి రాదు.

జరిగేది ఎక్కువగా ఆ కాలు విరగడమే. నాకు బాగా తెలిసిన పర్లాకిమిడి కుర్రాడు సాలూరు ఘాట్ దిగుతూ మలుపులో కంకర మీద జారాడు. హెల్మెట్ ఉంది, స్పీడు కూడా లేదు. మోకాలి కింద రాడ్ వేశారు. ఆసుపత్రి బిల్లు కంపెనీ హెల్త్ పాలసీ కట్టింది, అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత నాలుగు నెలలు జీతం లేదు. నేను చూడ్డానికి వెళ్లినరోజు చంకకర్రలు గోడకు ఆనించి ఉన్నాయి, మంచం పక్కన స్టూలు మీద కిరాణా కొట్టు ఖాతా పుస్తకం తెరిచి ఉంది, వాళ్లావిడ వేలితో లెక్క చూపిస్తోంది. ఆ పుస్తకం కట్టడానికి చేసిన అప్పు తీరడానికి రెండేళ్లు పట్టింది.

మీకు నాలుగు నెలల ఇంటి ఖర్చంటే 1,04,000. మీ దగ్గరుండేది సున్నా, పైన అప్పు 94,000. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకంలో రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా క్యాష్‌లెస్ చికిత్స ఉంది. మంచిదే, కానీ ఎనిమిదో రోజు నుంచి మీ ఇల్లు ఎవరు నడుపుతారు?

ఆ రెండు రూపాయల వడ్డీ గురించి కోపంగానే చెప్తున్నాను. ఏడాదికి 24 శాతం. విహారయాత్రకి అమ్మ గాజులు తాకట్టు పెట్టడమేంటండీ? పాపకి జ్వరం వచ్చి, చేతిలో డబ్బులేక పెట్టారంటే అర్థం చేసుకుంటాను.

మొదట మీ సొంత పేరు మీద పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి. ఎవరి బండి నడిపినా, అద్దె బండైనా వర్తించేది కావాలి. పని చేయలేని వారాలకు వారానికి ఇంత అని ఇచ్చే కవర్ అందులో తప్పనిసరిగా ఉండాలి, ఏజెంటు అది అక్కర్లేదంటే ఏజెంటుని మార్చండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా పెట్టుకోండి, రెండు లక్షల ప్రమాద బీమా. దాని ఏడాది జూన్ 1న మొదలవుతుంది, ఖాతా ఖాళీ చేసి ప్రయాణమైతే ఆ 20 కూడా కట్ కాదు.

తర్వాత అత్యవసర నిధి. ఉన్న 46,000 ముట్టుకోకండి. నెలకు మిగిలే 8,000 అందులో వేస్తే ఏడెనిమిది నెలల్లో 1,04,000 అవుతుంది. ఆ తర్వాతే లద్దాఖ్ కోసం బ్యాంకులో నెలనెలా కట్టే ఆర్‌డీ. మొత్తం రెండేళ్లు పడుతుంది, బోనసు కలిపితే కాస్త ముందే. స్నేహితులు ఆగరని మీకు టెన్షన్‌గా ఉంటుంది, నాకు తెలుసు. రైలు ఉన్నంత దూరం రైల్లో, అక్కణ్నుంచి బస్సులో వెళ్లి లేహ్‌లో బండి అద్దెకు తీసుకుంటే ఖర్చూ అలసటా తగ్గుతాయి, అదీ ఆలోచించండి. ఈలోపు దేవమాలి ఉంది, 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకు మించిన శిఖరం లేదు. శనివారం తెల్లారి బయల్దేరితే ఆదివారం రాత్రికి ఇంటికొస్తారు, అప్పు లేకుండా.

ముందు ఇవాళ సాయంత్రం నాన్నగారి దగ్గర పాలసీ కాగితం తీసుకుని ఓన్ డ్యామేజ్ తేదీ, ఆ 15 లక్షల ఓనర్ డ్రైవర్ కవర్ తేదీ రెండూ చూడండి. ఫొటో తీసి నాకు పంపండి.