కరోనా లాంటిది మళ్లీ వస్తే ఆప్టోమెట్రీ చదివినవారికి పని ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. ఎంబీబీఎస్ సీటు వచ్చేలా లేదు. ఆప్టోమెట్రీలో (కంటిచూపు పరీక్షించి అద్దాలు రాసే చదువు) చేరతానంటోంది. కరోనా రోజుల్లో కంటి ఆసుపత్రులు బోసిపోయాయని, మళ్లీ అలాంటిది వస్తే ఖాళీగా కూర్చోవాల్సిందేనని బంధువులు భయపెడుతున్నారు. చేర్పించమంటారా? - ఓ తండ్రి, నంద్యాల

జవాబు: మీ బంధువులు చెప్పింది సగం నిజం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక శుక్లాల ఆపరేషన్లు వాయిదా పడ్డాయి, కళ్లద్దాల షాపులు మూతపడ్డాయి. అత్యవసర కంటి చికిత్సకు వచ్చేవారూ చాలా దేశాల్లో బాగా తగ్గారు. కానీ రాకుండా ఆగిపోయింది ఎక్కువగా నలక, దురద, కళ్లకలక లాంటివాళ్లే. బడులు మూసేయడంతో కళ్లకలక ఒకరినుంచి ఒకరికి అంటుకోవడమూ తగ్గింది. వచ్చిన కొద్దిమందిలో మాత్రం తీవ్రమైన కేసుల వాటా పెరిగింది. రెటీనా (కంటి లోపల వెనుక ఉండే పొర) ఊడినవారు, చూపుకు కీలకమైన మధ్యభాగం కూడా ఊడిపోయాక వచ్చారు. పొలంలో ఆకు గీరుకుని నల్లగుడ్డుపై పుండు పడినవారు మందుల షాపులో ఏదో చుక్కల మందు కొనుక్కుని రోజులు నెట్టారు. అందులో స్టిరాయిడ్ ఉంటే ఫంగస్ పుండు ఇంకా ముదురుతుంది. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిని, కంట్లో ఇంజెక్షన్లు వేయించుకుంటున్నవారు వాయిదాలు తప్పి చూపు పోగొట్టుకున్నారు.

కొత్త రకం ప్రమాదాలూ వచ్చాయి. షాపుల ముందు పెట్టిన శానిటైజర్ స్టాండ్లు పెద్దవాళ్ల నడుము ఎత్తులో ఉండేవి. అంటే చిన్నపిల్లల కంటికి సరిగ్గా ఎదురుగా! పెడల్ తొక్కగానే మందు కళ్లలో చిమ్మేది. 2021 రెండో దశలో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రితో పాటు సరోజినీదేవి కంటి ఆసుపత్రికీ పని పడింది. షుగర్ ఉండి, కొవిడ్‌కు స్టిరాయిడ్లు వాడినవారిలో రెప్ప వాలడం, బుగ్గ మొద్దుబారడం, గుడ్డు కదలకపోవడం లాంటి గుర్తులను మొదటి చూపులోనే పట్టుకోవాల్సి వచ్చింది.

ఇందులో ఆప్టోమెట్రిస్టు పాత్ర ఎంత? ఆపరేషన్ చేయరు. అత్యవసరంలో వాళ్ల పని వడపోత (ఎవరిది ఎంత అత్యవసరమో తేల్చడం), ప్రథమ చికిత్స, సరైన చోటికి పంపడం. రోగి రాలేక ఫోన్ చేస్తే అడగాల్సినవి కొన్నే: చూపు ఎప్పటినుంచి తగ్గింది, ఏ కంటికి, నొప్పితో పాటు వాంతులున్నాయా, దెబ్బ తగిలిందా, ఏదైనా పడిందా, ఈమధ్య కంటి ఆపరేషన్ అయిందా, కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుంటారా. ఒక కన్ను మూసి గోడమీది క్యాలెండర్ చదవమంటే చూపు ఓ అంచనాకు వస్తుంది. వాట్సాప్ ఫొటోలో ఎరుపు కనబడుతుంది గానీ కంటి ఒత్తిడి, రెటీనా కనబడవు. అందుకే హఠాత్తుగా చూపు తగ్గిన మనిషికి ఫోన్లో చుక్కలు చెప్పి సరిపెట్టకూడదు.

సున్నం, యాసిడ్ పడిన కన్నయితే పేరు రాసుకోకముందే కడగడం మొదలుపెట్టాలి. సెలైన్ లేకపోతే కుళాయి నీరైనా సరే, కనీసం అరగంట. పై రెప్పను తిరగేసి సున్నం ముక్కలు తీసేయాలి. వాటిని వదిలేస్తే ఎంత కడిగినా లోపల కాలుతూనే ఉంటుంది. కంటి తడిలో పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) 7 దగ్గరికి వచ్చాక ఆపి, ఐదు పది నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. గుడ్డు చీలిందని అనుమానం వస్తే పద్ధతి పూర్తిగా వేరు. ఒత్తకూడదు, ఒత్తిడి కొలవకూడదు, గట్టి కవచం పెట్టి పంపేయాలి.

భద్రత సంగతీ చెప్పాలి. స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే పరీక్ష యంత్రం) దగ్గర రోగి ముఖం అడుగు దూరంలో ఉంటుంది. వుహాన్‌లో ముందుగా హెచ్చరించి, 2020 ఫిబ్రవరిలో చనిపోయిన లీ వెన్‌లియాంగ్ కూడా కంటి డాక్టరే. ఆ తర్వాతే పాత ఎక్స్‌రే ఫిల్మును కత్తిరించి యంత్రానికి అడ్డుగా కట్టడం, గాలి ఊది ఒత్తిడి కొలిచే యంత్రాన్ని పక్కన పెట్టడం మామూలైంది. కంటిని తాకి ఒత్తిడి కొలిచే యంత్రం ప్రిజాన్ని (కంటికి ఆనే కొసను) స్పిరిట్‌తో తుడిచాక పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉంటే నల్లగుడ్డు పైపొర కాలుతుంది.

ఇక చదువు. బ్యాచిలర్ ఆఫ్ ఆప్టోమెట్రీ నాలుగేళ్లు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. రెండేళ్ల ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్ డిప్లొమా కూడా ఉంది, కానీ డిగ్రీ స్థోమత ఉంటే డిగ్రీయే మేలు. 2021 నాటి జాతీయ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టం పరిధిలోకి ఈ వృత్తీ వచ్చింది. కాబట్టి యూనివర్సిటీ గుర్తింపు లేని సర్టిఫికెట్ కోర్సులకు డబ్బు కట్టకండి. చికిత్స, ఆపరేషన్లు తానే చేయాలని మీ అమ్మాయికి పట్టుదల ఉంటే మాత్రం ఇది ఆ దారి కాదు. దానికి ఎంబీబీఎస్, ఆపైన ఎంఎస్ ఆఫ్తాల్మాలజీ లాంటి కంటి వైద్య పీజీ కావాల్సిందే.

కాలేజీకి వెళ్లినప్పుడు భవనాలు చూడకండి. ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, అక్కడ రాత్రిపూట అత్యవసర విభాగం నడుస్తుందా, విద్యార్థులకు అందులో డ్యూటీ వేస్తారా, ఒక్కో స్లిట్ ల్యాంప్‌కు ఎంతమంది అని అడగండి. ఏడాదంతా కళ్లద్దాల షాపుకే పంపే కాలేజీ అయితే మీ బంధువుల భయం నిజమవుతుంది. పై తరగతి పిల్లలతో విడిగా మాట్లాడితే అసలు సంగతి పది నిమిషాల్లో తెలిసిపోతుంది.