ఫ్రోజెన్ 3 వచ్చేదాకా ఆగాలా, ఇప్పుడే హాంకాంగ్ వెళ్లొచ్చేయాలా?

ఆగకండి, వెళ్లొచ్చేయండి.

పాపకి అయిదేళ్లనీ, డిస్నీ కార్టూన్ సినిమా ఫ్రోజెన్‌లోని మంచు రాణి ఎల్సా అంటే ప్రాణమనీ, హాంకాంగ్ డిస్నీలాండ్ వెళ్దామనుకుంటుంటే "ఫ్రోజెన్ 3 వస్తోంది, కొత్త రైడ్లు వస్తున్నాయి" అన్న వీడియోలు చూసి మీవారు ఆగుదామంటున్నారనీ రాశారు. మా ఇంట్లోనూ ఇదే పంచాయితీ నడిచింది. ఈ వార్తలు రోజూ తిరగేసే రకం నేను. మా ఆవిడకి వాటి మీద బొత్తిగా గురి లేదు. చివరికి ఆవిడ మాటే నెగ్గింది, వెళ్లొచ్చాం.

పార్కుల వాళ్లు వార్త చెప్పిన రోజుకీ గేటు తెరిచిన రోజుకీ మధ్య ఎంత కాలం పడుతుందో చూడండి. మీరు వెళ్దామంటున్న హాంకాంగ్ ఫ్రోజెన్ లాండ్ సంగతి 2016 నవంబర్‌లో చెప్పారు, తెరిచింది 2023 నవంబర్ 20న. ఆ వార్త విన్నప్పుడు ఉయ్యాల్లో ఉన్న పిల్ల, గేటు తెరిచేసరికి రెండో తరగతి. టోక్యో డిస్నీలో ఫ్రోజెన్ భాగం 2018లో ప్రకటిస్తే 2024 జూన్ 6కి గానీ తెరుచుకోలేదు. పారిస్ ఫ్రోజెన్ లాండ్ సంగతి 2018 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ అధ్యక్షుణ్ణి పక్కన పెట్టుకుని మరీ చెప్పారు, దానికి పెట్టిన ప్రారంభ తేదీ 2026 మార్చి 29. మధ్యలో కోవిడ్ వచ్చింది నిజమే. అది రాకపోయినా నాలుగైదేళ్లు మామూలే. ఇవి ఆలస్యంగానైనా వచ్చేవే, అసలు రానివీ ఉన్నాయి. ఫ్లోరిడాలో డిస్నీ వాళ్లదే ఎప్‌కాట్ అనే పార్కుకి, మేరీ పాపిన్స్ అనే వాళ్ల పాత సినిమా పేరిట ఒక కొత్త ఆకర్షణ వస్తుందని 2019లో అభిమానుల సభలో ఆర్భాటంగా ప్రకటించారు. తర్వాత దాన్ని పక్కన పెట్టేశారు.

కాబట్టి నా లెక్క ఒకటే. రంగుల బొమ్మ చూపించి "త్వరలో" అన్నారంటే అది ముహూర్తం పెట్టని పెళ్లి. తేదీ, నెల, సంవత్సరం మూడూ చెప్పి, ఆ రోజుకి టికెట్లు అమ్మడం మొదలెట్టాక సెలవు పెట్టుకోవచ్చు. ఇక మీవారు చూసిన ఆ ట్రైలర్... వీడియో కింద వివరాల్లో ఎక్కడో చిన్నగా "కాన్సెప్ట్" (అంటే వట్టి ఊహ) అని ఉందేమో చూడమనండి. ఏఐతో నాలుగు బొమ్మలు అతికించి లక్షల వ్యూస్ కొట్టేస్తున్నారు.

సినిమాకి డిస్నీ చెప్పిన తేదీ 2027 నవంబర్ 24. అనుకున్న రోజుకే వచ్చినా పార్కులో మర్నాడే కొత్త రైడ్ ప్రత్యక్షం కాదు. మొదటి సినిమా 2013లో వస్తే ఎప్‌కాట్‌లో పడవ రైడ్ 2016లో వచ్చింది. అది కూడా అప్పటికే అక్కడున్న నార్వే పడవ రైడ్ కాలవనే వాడుకుని చేశారు కాబట్టి అంత తొందరగా అయింది. సినిమాతో పాటు గౌన్లు, బొమ్మలు వస్తాయి. అవి మన హైదరాబాద్ మాల్స్‌లోనూ దొరుకుతాయి.

ఈలోగా పిల్లలు మారిపోతారు, అసలు భయం నాకదే. మా అమ్మాయి నాలుగేళ్లప్పుడు నీలం గౌను విప్పి పడుకోవడానికి కూడా ఒప్పుకునేది కాదు. ఇప్పుడు ఆ గౌను మా తమ్ముడి కూతురు వేసుకుంటోంది. మా అమ్మాయి ఇప్పుడు జూటోపియా అనే ఇంకో డిస్నీ సినిమాలోని కుందేలు పోలీసు మీద పడింది, షాంఘై తీసుకెళ్లమని ప్రాణం తీస్తోంది (అక్కడ 2023 డిసెంబర్‌లో జూటోపియా లాండ్ తెరిచారు). సినిమా వచ్చేదాకా మీ పాపకి ఎల్సా పిచ్చి ఇలాగే ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు?

హాంకాంగ్‌లో ఏం చూడాలంటే, పొద్దున్న గేటు తియ్యగానే నేరుగా పడవ రైడ్‌కి వెళ్లండి. పడవ మెల్లగా వెళ్తూ మంచు కోటలోకి చేరాక, ఎల్సా పాడుతూ చెయ్యి చాపగానే వెనక్కి జారడం మొదలెడుతుంది. మా అమ్మాయి అప్పటిదాకా పాటకి గొంతు కలుపుతున్నదల్లా టక్కున ఆపేసి నా చొక్కా కాలరు పట్టుకుంది. తర్వాత ఒక చిన్న దిగుడు, అంతే. అయిదేళ్ల పిల్లకి భయం లేదు. మంచు బండ్ల రోలర్ కోస్టర్‌కి మాత్రం 95 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మీ పాపకి ఇబ్బంది ఉండదనుకుంటాను, అయినా ఇంట్లో ఓసారి గోడకి నిలబెట్టి కొలవండి. అది కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది, గంట క్యూ ఉంటే నేనైతే వదిలేస్తాను. దానికి బదులు "ప్లేహౌస్ ఇన్ ది వుడ్స్"కి వెళ్లండి. ఎల్సా, ఆవిడ చెల్లెలు ఆనా దగ్గరగా వచ్చి పిల్లలతో మాట్లాడి ఆడిస్తారు. మీ పాపకి అన్నిటికన్నా ఇదే నచ్చుతుందని నా నమ్మకం.

అత్తయ్యగారు కూడా వస్తున్నారన్నారు కదా, బయల్దేరే ముందు ఆవిడకి ఫ్రోజెన్ 2 తెలుగులో చూపించండి. ఎల్సాకి నిత్యా మీనన్, చిన్నప్పటి ఎల్సాకి మహేష్ బాబు కూతురు సితార గొంతిచ్చారు. మా అమ్మ అలా చూసే వచ్చింది. పార్కులో మంచుబొమ్మ ఓలాఫ్ కనపడగానే "అదుగోనే, మీ క్యారెట్ ముక్కువాడు" అని మనవరాలి కన్నా ముందు ఆవిడే గుర్తుపట్టింది. పార్కు కూడా ఫ్లోరిడా డిస్నీ అంత పెద్దది కాదు, పెద్దవాళ్లు నడవగలరు. రైలు సన్నీ బే స్టేషన్లో మారాలి. అక్కడి నుంచి డిస్నీలాండ్‌కి వెళ్లే రైలు కిటికీలు మిక్కీ తల ఆకారంలో ఉంటాయి, పాపని కిటికీ పక్కన కూర్చోబెట్టండి.

దసరా సెలవుల్లో అంటున్నారు, అక్కడ జాగ్రత్త. అక్టోబర్ మొదటి వారం చైనా వాళ్లకి జాతీయ సెలవులు, జనం ఇసకేస్తే రాలరు. మన ఎండాకాలం సెలవులకి అక్కడ ఉక్కపోత, వాన. నా ఓటు సంక్రాంతికి, ఒక స్వెటర్ ఉంటే సరిపోతుంది. చైనా కొత్త సంవత్సరం ఏటా మారుతుంటుంది, ఆ తేదీలు తగలకుండా చూసుకోండి.

ఇంకోటి, మనకి అక్కడ 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు గానీ, ముందే ఆన్‌లైన్‌లో ప్రీ అరైవల్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. ఉచితమే. పాపతో సహా ఒక్కొక్కరికీ విడిగా చెయ్యాలి, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టాలి. అందరిదీ ఓకే అయ్యి ఆ కాగితం ప్రింట్ చేతికొచ్చాకే విమానం టికెట్లు కొనండి. ఎవరిదైనా తిరస్కరిస్తే వాళ్లకి వీసా తెచ్చుకోవాలి, దానికి వారాలు పడుతుంది.