మే నెలని లెక్కలో పెట్టుకుని ఓవర్‌క్లాక్ చెయ్యి

చిట్టితల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు కొన్న సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ వివరాలు చూశాను. రైజెన్ 5 2600, బి450 బోర్డు, రెండు 8 జీబీ ర్యామ్ స్టిక్కులు, ప్రాసెసర్‌తో పాటు వచ్చిన చిన్న కూలర్. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండర్లకి (సీన్ల నుంచి బొమ్మలు తయారవ్వడానికి) గంటలు పడుతున్నాయి, ఓవర్‌క్లాక్ చేస్తే, అంటే కంపెనీ పెట్టిన స్పీడ్ కన్నా ఎక్కువలో ప్రాసెసర్‌ని నడిపితే, ఎంత లాగొచ్చు అని అడిగావు. లాగొచ్చు. ఆ తరం రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకి మల్టిప్లయర్ (స్పీడ్‌ని నిర్ణయించే గుణకం) లాక్ ఉండదు, బి450 బోర్డు దాన్ని మార్చనిస్తుంది. అదే ఏ320 బోర్డు అయ్యుంటే వద్దని ఒక్క ముక్కలో తేల్చేసేవాడిని.

ఎంత వస్తుందో ముందే తెలుసుకో. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ వచ్చినప్పుడు బస్ స్పీడ్ (మల్టిప్లయర్‌తో గుణించే మూల వేగం) 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే చాలు, 300 మెగాహెర్ట్జ్ చిప్ 450కి వెళ్లిపోయేది. ఖరీదైన ప్రాసెసర్ కొనలేని వాళ్లకి అదొక పండగ. ఇప్పుడు కంపెనీలే చాలావరకు పిండేసి అమ్ముతున్నాయి. నీ ప్రాసెసర్ ఒకటి రెండు కోర్ల పనిలో 3.9 గిగాహెర్ట్జ్ దాకా తనంతట తానే ఎక్కుతుంది. ఆరు కోర్లూ కష్టపడేటప్పుడు మాత్రం 3.6, 3.7 దగ్గరకి దిగుతుంది. మనకి చోటున్నది అక్కడే. ఆరింటినీ 4.0 దగ్గర నిలబెడితే గంట రెండర్ 55 నిమిషాల చిల్లరకి వస్తుంది. రాత్రంతా నడిచే పనికి ఇది బాగానే కలిసొస్తుంది. ఒక సంగతి గుర్తుంచుకో. మల్టిప్లయర్ చేత్తో పెట్టగానే ఆ 3.9 బూస్ట్ ఆగిపోతుంది. నీ చిప్ 3.8 దాటి నిలబడకపోతే చిన్న పనుల్లో ఉన్న స్పీడ్ కూడా పోతుంది, అప్పుడు మామూలుగా వదిలెయ్యడమే మంచిది.

ప్రాసెసర్ జోలికి వెళ్లేముందు బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ర్యామ్ స్పీడ్ చూడు. చాలా కంప్యూటర్లలో 3200 ర్యామ్ కొని 2133 లేదా 2400 మీదే ఏళ్ల తరబడి నడిపిస్తుంటారు, ర్యామ్‌ని దాని అసలు స్పీడ్‌కి తెచ్చే ఎక్స్ఎంపీ సెట్టింగ్‌ని ఎవరూ ఆన్ చెయ్యరు. ఈ రైజెన్‌లో కోర్ల గుంపుల మధ్య దారి వేగం ర్యామ్ వేగంతో ముడిపడి ఉంటుంది. రెండర్‌లో పెద్ద తేడా కనిపించకపోయినా గేముల్లో తెలుస్తుంది. 3200 దగ్గర మొరాయిస్తే 2933 పెట్టు, ఆ ప్రాసెసర్‌కి ఏఎండీ అధికారికంగా ఇచ్చిన వేగం అదే. ఒక రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపి తప్పు ఒక్కటి కూడా రాకపోతేనే ప్రాసెసర్ ముట్టుకో. రెండూ ఒకేసారి మారిస్తే కంప్యూటర్ హ్యాంగ్ అయినప్పుడు దేనివల్లో తెలియక తల పట్టుకుంటావు.

ఇక అసలు విషయం, వేడి. ప్రాసెసర్ తినే పవర్ స్పీడ్‌తో సమానంగా పెరుగుతుంది, వోల్టేజ్‌తో మాత్రం దాని వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది. 3.7 నుంచి 4.0కి వెళ్లడానికి వోల్టేజ్ 1.2 నుంచి 1.35కి పెంచావనుకో. స్పీడ్ పెరిగింది 8 శాతం, వేడి పెరిగేది దాదాపు 37 శాతం. అందుకే నేను స్పీడ్ అంకె కన్నా వోల్టేజ్ అంకెనే ఎక్కువ చూస్తాను. ప్రతి చిప్‌కీ ఒక చోటు వస్తుంది. అప్పటిదాకా కొంచెం వోల్టేజ్‌కే 100 మెగాహెర్ట్జ్ ఇచ్చేది, అక్కణ్నుంచి 50కి కూడా బోలెడు అడుగుతుంది. అక్కడ ఆగిపోవాలి.

పెట్టెలో వచ్చిన ఆ రెయిత్ స్టెల్త్ కూలర్ ఉత్త అల్యూమినియం ముక్క. మామూలు స్పీడ్‌కి సరిపోతుంది, దానితో ఓవర్‌క్లాక్ వద్దు. నాలుగు హీట్ పైపులు, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ తీసుకో. కూలర్ మాస్టర్ హైపర్ 212 లాంటిది చాలు, లిక్విడ్ కూలింగ్‌కి డబ్బు తగలెయ్యకు. కొనేముందు క్యాబినెట్ వెడల్పు కొలువు, సైడ్ ప్యానెల్ పట్టాలి కదా.

పాత కూలర్ తీసేటప్పుడు చాలా జాగ్రత్త. నీ బోర్డులో ఉన్న ఏఎం4 రకం సాకెట్‌లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, మొత్తం 1331. పాత థర్మల్ పేస్ట్ గట్టిపడి ఉంటే, కూలర్‌ని నిలువుగా లాగినప్పుడు ప్రాసెసర్ కూడా సాకెట్ లోంచి ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. నా దగ్గరికి రిపేరుకి వచ్చే ఏఎం4 మెషిన్లలో ఇది తరచూ చూస్తుంటాను. ఒక పది నిమిషాలు రెండర్ నడిపి పేస్ట్ వెచ్చబడనివ్వు. ఆపేసి, ప్లగ్ తీసేసి, స్క్రూలు వదులు చేసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదిలించు. కొత్తదాని అడుగున ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది తియ్యడం మర్చిపోకు. ఫ్యాన్ గాలి వెనక ఎగ్జాస్ట్ వైపు వెళ్లాలి. పాత కూలర్ పైనుంచి కిందికి ఊదుతూ బోర్డు మీది వీఆర్ఎంని (ప్రాసెసర్‌కి వోల్టేజ్ అందించే భాగాన్ని) కూడా చల్లబరిచేది, టవర్ కూలర్ ఆ పని చెయ్యదు. నీ బోర్డులో వీఆర్ఎం మీద హీట్‌సింక్ ఉందో లేదో చూసి చెప్పు. లేకపోతే ఈ ప్రయత్నం ఇక్కడితో ఆపేద్దాం.

బయోస్‌లో వోల్టేజ్‌ని ఆటోలో వదలకు, బోర్డులు అవసరానికి మించి ఇచ్చేస్తాయి. 3.8తో మొదలుపెట్టి 1.25 వోల్టులు ఇవ్వు. లోడ్‌లైన్ కాలిబ్రేషన్ (పని ఎక్కువైనప్పుడు వోల్టేజ్ పడిపోకుండా చూసే సెట్టింగ్) మధ్యస్థంగా ఉంచు. విండోస్‌లోకి వచ్చి ప్రాసెసర్‌ని కష్టపెట్టే సినీబెంచ్ ఆర్23 టెస్ట్ పది నిమిషాలు నడుపు, పక్కనే వేడి, వోల్టేజ్ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి ఉంచు. నిలబడితే 100 మెగాహెర్ట్జ్ పెంచు, పడిపోతే 0.025 వోల్ట్ చేర్చు. 1.35 దాటొద్దు. ఏదో ఒకటి ఎక్కువై స్క్రీనే రాకపోతే కంగారు పడకు. ప్లగ్ తీసేసి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ కాసేపు తీసి పెడితే సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి.

సినీబెంచ్ దాటగానే అయిపోయిందనుకోకు. ఓసీసీటీ అనే ఇంకో టెస్ట్ ఒక గంట నడుపు. తర్వాత నీ బరువైన సీన్ ఒకటి రాత్రంతా రెండర్‌కి పెట్టు. పొద్దున్నే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా లాగర్ (WHEA-Logger) పేరుతో హార్డ్‌వేర్ ఎర్రర్లు ఉన్నాయేమో చూడు. కంప్యూటర్ ఆగిపోకుండానే లెక్క తప్పుతున్న సందర్భాలు ఉంటాయి, నిజానికి నాకు భయం వాటి గురించే, ఎందుకంటే ఫైళ్లు చెడిపోయాక గానీ తెలియదు. నీ ప్రాజెక్టులన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాకే ఇదంతా మొదలుపెట్టు.

ఇప్పుడు డిసెంబరు. విజయవాడలో నీ గదిలో 25 డిగ్రీలు ఉంటాయేమో. మే నెలలో పై అంతస్తు, ఏసీ లేని గది, 38 దాకా వెళ్తుంది. గాలితో చల్లబరిచే ఏ కూలరైనా గది వేడి కన్నా కిందికి తేలేదు. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. ఈ చిప్ గరిష్ఠ పరిమితి 95. నేనైతే ఎండాకాలంలో కూడా 85 దాటనివ్వను. అంటే ఈరోజు టెస్టులో నీకు 72 మించి కనిపించకూడదు. 78 వచ్చి బాగానే నడుస్తోంది కదా అని వదిలేస్తే, ఫైనల్ సబ్మిషన్ నాటికి ఎండలు ముదిరి అది 91 అవుతుంది. కాబట్టి స్పీడ్ ఒక మెట్టు తగ్గించైనా సరే 72 లోపల ఆపు. దుమ్ము కూడా నెలకోసారి బ్లోయర్‌తో కొట్టు, ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని.

కంప్యూటర్‌కి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ క్యాబినెట్‌తో ఊరికే వచ్చినదైతే ముందు అది మార్చు. 80 ప్లస్ అనే సామర్థ్యపు గుర్తున్న 450 లేదా 550 వాట్లది సరిపోతుంది. ప్లగ్ పాయింట్‌కి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. ఓవర్‌క్లాక్ వల్ల చిప్ పాడైతే ఏఎండీ వారంటీ ఇవ్వదు. నీది సెకండ్ హ్యాండ్ కాబట్టి ఎలాగూ ఆ ఆశ లేదనుకో, కానీ నీ స్నేహితులెవరైనా కొత్త దానిమీద చేస్తుంటే చెప్పు. వాళ్లది రైజెన్ 5 5600 లాంటిదైతే ఈ పద్ధతి పట్టుకోవద్దను, బయోస్‌లోని కర్వ్ ఆప్టిమైజర్ సెట్టింగ్‌లో వోల్టేజ్ తగ్గిస్తే చల్లగానూ ఉంటుంది, బూస్ట్ కూడా ఇంకాసేపు నిలబడుతుంది.

కూలర్ బిగించాక 3.8, 3.9, 4.0 మూడింటికీ ఎంత వోల్టేజ్ పట్టిందో, ఎంత వేడి వచ్చిందో, గదిలో ఎన్ని డిగ్రీలుందో రాసి వాట్సాప్‌లో పంపు. 4.1 ప్రయత్నించాలా వద్దా అనేది ఆ అంకెలు చూశాక చెప్తాను.

ఇట్లు,
పెదనాన్న