బూజు దుమ్ముతో కీళ్ల వాపు పెరుగుతుందా?

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. మా అత్తగారు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌కు వారానికొకసారి మెథోట్రెక్సేట్ అనే మందు వేసుకుంటున్నారు. ముసురు పట్టినప్పుడు బూజు పడిన వేరుశనగ మూటలు విప్పి చేటతో చెరిగితే, రెండు మూడు రోజుల్లో ఆమె వేళ్ల కణుపులు, మణికట్లు వాస్తున్నాయి. బూజు కీళ్లలో చేరిందని, దాన్ని చంపే మాత్రలు వాడితే తగ్గుతుందని ఊళ్లో ఒకరు చెప్పారు. నిజమేనా? పులిసిన ఇడ్లీ, దోసె పిండి కూడా మానాలా?
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: బూజు, ఈస్ట్ వంటి శిలీంధ్రం నేరుగా కీలులో చేరి పెరగడం అరుదు. అలా జరిగితే సాధారణంగా ఒక్క కీలే వాస్తుంది, అందులోని నీరు తీసి పరీక్షిస్తే తెలుస్తుంది. రెండు చేతుల కణుపులూ కలిసి వాయడం మీ అత్తగారికి ముందునుంచీ ఉన్న రుమటాయిడ్ జబ్బు లక్షణమే. అందులో మన రోగనిరోధక శక్తే మన కీళ్లపై దాడి చేస్తుంది. అయితే బూజు కీలులోకి వెళ్లకుండానే ఆ జబ్బును రెచ్చగొట్టగలదా అన్న ప్రశ్నను మాత్రం కొట్టిపారేయలేము.

శిలీంధ్ర కణాల గోడలో బీటా గ్లూకాన్ అనే పదార్థం ఉంటుంది. మన రోగనిరోధక కణాలు డెక్టిన్-1 అనే గ్రాహకంతో దాన్ని గుర్తుపట్టి, టీ కణాలనే తెల్ల రక్తకణాల్లో కొన్నింటి చేత ఐఎల్-17 అనే రసాయనాన్ని విడుదల చేయిస్తాయి. నోటిలో, చర్మంపై కాండిడా వంటి శిలీంధ్రాలు పెరగకుండా కాపాడేది ఇదే. కానీ ఇదే రసాయనం కీలు పొరలో అతిగా చేరితే వాపును పెంచి, ఎముకను తినేసే కణాలను ఉసిగొల్పుతుంది.

దీనికి గట్టి ఆధారం జపాన్‌లో దొరికింది. రోగనిరోధక శక్తిని అదుపులో ఉంచే నియంత్రక టీ కణాలపై కృషికి 2025లో నోబెల్ బహుమతి పంచుకున్న షిమోన్ సకగుచి బృందం, జన్యులోపం వల్ల కీళ్లవాపు వచ్చే స్వభావమున్న ఎస్‌కేజీ ఎలుకలను సూక్ష్మజీవుల బెడద లేని శుభ్రమైన గదుల్లో పెంచితే వాటికి జబ్బు రాలేదు. ఈస్ట్ గోడ నుంచి తీసిన జైమోసాన్‌ను ఒక్కసారి కడుపు కుహరంలోకి ఎక్కించగానే తీవ్రమైన కీళ్లవాపు వచ్చి అలాగే నిలిచిపోయింది. మామూలు ఎలుకల్లో మాత్రం కొద్దికాలం ఉండి తగ్గిపోయింది. 2005లో వెలువడిన ఆ పరిశోధనలోనే, శిలీంధ్రాలను అణచే మందు ఇస్తే ఆ ఎలుకలకు జబ్బు రాకుండా ఆగిందని కూడా తేలింది. మీ ఊరివారి మాటకు ఆ మాత్రం ఆధారం ఉంది. కానీ రాకముందు ఆపడం వేరు, ఏళ్ల తరబడి ఉన్న జబ్బును తగ్గించడం వేరు. పైగా అది ఎలుకల సంగతి. మనుషుల్లో రుమటాయిడ్‌కు బూజే కారణమని నిరూపణ కాలేదు. ఐఎల్-17ను అడ్డుకునే మందులు సోరియాసిస్ చర్మవ్యాధితో ముడిపడిన సోరియాటిక్ ఆర్థ్రైటిస్‌లో బాగా పనిచేస్తున్నా రుమటాయిడ్‌లో అంత ఫలితం చూపలేదు. ఆ మందులు వాడేవారిలో కొందరికి నోటిలో కాండిడా పూత రావడం పై వివరణకు చక్కటి సాక్ష్యం.

కాబట్టి శిలీంధ్రాల మాత్రలు సొంతంగా వేయకండి. వాటిలో చాలా రకాలు కాలేయానికి భారం, మెథోట్రెక్సేటూ అంతే. వాపు వచ్చినప్పుడల్లా ఊళ్లో స్టెరాయిడ్ సూది వేయించుకోవడం అంతకన్నా చెడ్డది. అది శిలీంధ్రాలకే దారి తెరుస్తుంది. ఇడ్లీ, దోసెలు నిశ్చింతగా తినవచ్చు. ఆ పిండిని పులియబెట్టేవి ప్రధానంగా లాక్టిక్ బాక్టీరియా. ఉడికించి తినడమూ, ఎలుక కడుపులోకి సూదితో ఎక్కించడమూ ఒకటి కాదు.

నా అనుమానం మరొకటి ఉంది. గంటల తరబడి చేట ఆడించడమే మణికట్టుకు పెద్ద శ్రమ. బూజు లేని కాయలు చెరిగిన తర్వాత కూడా ఇలాగే వాపు వస్తోందా అన్నది గమనించి డాక్టరుకు చెప్పండి. ఏదైనా సరే, ఆ పని ఇంట్లో మరొకరు, ఆరుబయట, ముక్కుకు ఎన్-95 మాస్కు కట్టుకొని చేయడం మేలు. మీ ప్రాంతంలోని బండల పాలిష్ దుమ్ముకూ ఆమెను దూరంగా ఉంచండి. సిలికా దుమ్ము, పొగతాగడం రుమటాయిడ్ ముప్పును పెంచుతాయన్నది మనుషుల్లోనే తేలిన విషయం. కాయలను బాగా ఎండబెట్టాకే మూట కట్టి, నేలమీద కాక చెక్కలపై పెట్టండి. మిషన్‌లో కాయలు ఒలిచేటప్పుడు పప్పు చిట్లకూడదని కొందరు వాటిని తడుపుతారు; బూజు మొదలయ్యేది చాలాసార్లు అక్కడే. బూజు పడినవాటిని వేయించి తిన్నా, బూజు తయారుచేసే అఫ్లాటాక్సిన్ అనే విషం పూర్తిగా పోదు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి వాటిని పారేయండి.

దుమ్ము తగిలాక పొడిదగ్గు, జ్వరం, ఆయాసం వస్తే మాత్రం ఆగకండి. బూజు దుమ్ము వల్లా, అరుదుగా మెథోట్రెక్సేట్ వల్లా ఊపిరితిత్తులు వాయవచ్చు. ఏది కారణమో ఎక్స్‌రే, ఇతర పరీక్షలు చేసి డాక్టరే తేల్చాలి.