ఎవరికో రాసిన హెచ్చరిక నీకందితే

అమ్మాయీ,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. "మీరు పదే పదే పేజీలు పాడుచేస్తున్నారు, ఇదే చివరి హెచ్చరిక" అని ఉంది. ఎవరైనా పేజీలు మార్చగలిగే ఆ సైటులో నువ్వొక్క అక్షరమైనా మార్చలేదు, చదువుకోవడానికి తెరిచావంతే. ఫోన్‌ ఎవరో హ్యాక్ చేశారని భయపడి పాస్‌వర్డులన్నీ మార్చేశావట. మారిస్తే నష్టమేం లేదులే, కొత్తవి మర్చిపోకుండా ఉంటే చాలు. కానీ ముందు ఆ హెచ్చరిక కింద తేదీ చూడాల్సింది. అది నాలుగు నెలల కిందటిది!

లాగిన్ కాకుండా వచ్చినవాళ్లు ఎవరో సైటుకు తెలీదు. దానికి ముఖ్యంగా కనిపించేది ఐపీ అడ్రస్, అంటే నెట్ కనెక్షన్‌కు కంపెనీవాళ్లు ఇచ్చే నంబరు, అందుకే ఏం చెప్పాలన్నా ఆ నంబరుకే చెబుతుంది. ఆ నంబరేమో నీ సొంతం కాదు. ఇవాళ నీకిచ్చారు, రేపు రూటర్ ఆపి వేస్తే ఇంకొకటి ఇవ్వొచ్చు. అద్దింట్లో దిగిన మర్నాడే, పాత అద్దెవాళ్లకు అప్పిచ్చినవాడు వచ్చి నీ తలుపు కొట్టినట్టన్నమాట.

ఫోన్‌ నెట్‌లో అయితే ఇంకా తమాషా. అక్కడ పాతవాళ్లూ కొత్తవాళ్లూ కాదు, అందరూ ఒకేసారి ఒకే గుమ్మంలోంచి వస్తూ పోతూ ఉంటారు. పాత పద్ధతి ఐపీ అడ్రసులు, అంటే ఐపీవీ4, మొత్తం కలిపి సుమారు 429 కోట్లే. పంచడానికి మిగిలిన చివరి పెద్ద కట్టలు 2011 ఫిబ్రవరిలోనే అయిపోయాయి. మరి ఇన్ని ఫోన్లకు ఎక్కణ్ణించి తెస్తారు? ప్రొవైడర్లు, అంటే నెట్ ఇచ్చే కంపెనీలు, ఒక్కో అడ్రసును చాలామందికి కలిపి ఇస్తున్నారు. ఒక్కో అడ్రసుకు 65,536 పోర్టులుంటాయి, అంటే ఒకే అడ్రసు మీద నడిచే కనెక్షన్లను విడివిడిగా గుర్తుపట్టే నంబర్లు. మొదటి 1,024 పక్కన పెట్టి ఇంటికి వెయ్యి చొప్పున పంచారనుకో, 64 ఇళ్లు ఒకే అడ్రసు వెనక దూరిపోతాయి. ఆ ఇళ్లలో ఏ కుర్రాడు ఏం చేసినా అవతలివాడికి మిగతా ఇళ్లన్నీ అనుమానితులే.

నీ సంగతేమిటో నువ్వే చూసుకోవచ్చు. ఇంటి రూటర్ సెట్టింగుల్లో వ్యాన్ ఐపీ అని ఉంటుంది, రూటర్‌కు బయటి నెట్ వైపున్న అడ్రసు. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే నువ్వు పంచుకునే అడ్రసు వెనకున్నట్టే. ఆ వరసను 2012లో ప్రత్యేకంగా ఇందుకోసమే కేటాయించారు. అలా మొదలు కాకపోయినా, బయటి సైట్లు చూపించే "నా ఐపీ"తో అది కలవకపోతే చాలావరకు అర్థం అదే.

ఇదేదో చిన్న విషయం అనుకోకు. 2007 కొత్త సంవత్సరం వేళ వికీపీడియా నిర్వాహకుడొకరు అల్లరి ఎక్కువైందని ఒక్క ఐపీని బ్లాక్ చేశారు. తీరా చూస్తే ఖతార్ దేశంలో నెట్ వాడేవాళ్లు దాదాపు అందరూ ఆ అడ్రసు మీదుగానే వస్తున్నారు! తర్వాత ఎత్తేశారనుకో. ఇప్పుడు ఆ వికీపీడియానే లాగిన్ కాకుండా మార్పులు చేసేవాళ్ల ఐపీని అందరికీ చూపించకుండా, కుకీతో (బ్రౌజర్‌లో సైటు దాచుకునే చిన్న గుర్తుతో) నడిచే తాత్కాలిక ఖాతా పేరు ఇస్తోంది. 2024 నుంచి ఒక్కో భాషలో మొదలుపెట్టుకుంటూ వచ్చారు. ఆలస్యమైనా మంచి పనే, నన్నడిగితే.

ఇక నువ్వేం చేయాలంటే, ముందు ఆ హెచ్చరిక కింద "నేను కాదు మహాప్రభో" అని జవాబు రాయకు. తప్పు చేసినవాడు ఈపాటికి ఇంకో నంబరు మీద ఉంటాడు. నీ జవాబు నీ తర్వాత ఆ నంబరు దొరికినవాడికి కనిపించి, వాడూ నీలాగే కంగారుపడతాడు. తరచూ వెళ్లే సైటైతే ఒక ఖాతా తెరుచుకో. అప్పుడు నీ మాట నీకే చేరుతుంది. వీపీఎన్, అంటే నీ నెట్‌ను ఇంకొకరి కంప్యూటర్ మీదుగా పంపే సర్వీసు, పెట్టుకుంటే గొడవ పోతుందని ఎవరో చెప్పారన్నావు, వినకు. అదీ వేలమంది పంచుకునే గుమ్మమే, పైగా అల్లరివాళ్లు అక్కడే ఎక్కువ. "మీరు మనిషేనా, బస్సులున్న బొమ్మలు నొక్కండి" అనే క్యాప్చాలు ఇంకా పెరుగుతాయి.

బ్లాక్ నిజంగానే నీకు తగిలితే నిర్వాహకులకు మర్యాదగా రాయి. ఐపీ అడ్రస్, నిమిషంతో సహా సమయం, ఏ దేశపు టైమో, ఫోన్‌ నెట్టా ఇంటి వైఫైనా, ఇవన్నీ ఉండాలి. అన్యాయం జరిగిందని రెండు పేజీలు రాసేకంటే ఆ నాలుగు వివరాలే పని చేస్తాయి. లాగిన్ అయినవాళ్లను వదిలేసి, కానివాళ్లను మాత్రమే ఆపే వీలు కొన్ని సైట్లలో ఉంటుంది. అది అడుగు.

ఇంకో మాట. గుంపులో ఉన్నాను కదా, నన్నెవరు కనిపెడతారులే అని మాత్రం అనుకోకు. ఏ నిమిషంలో ఏ పోర్టు ఎవరికిచ్చారో ప్రొవైడర్ రాసిపెట్టుకోవచ్చు. సైటుకు నువ్వు కనిపించకపోయినంత మాత్రాన ఎవరికీ కనిపించవని కాదు. ఇంటి వైఫై పాస్‌వర్డు అడిగినవాళ్లందరికీ ఇచ్చేశావని విన్నాను, అది ఇవాళే మార్చు. నిజంగా మార్చాల్సింది అదొక్కటే, అదే వదిలేశావు.

మళ్లీ ఇలాంటిది కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపు. ఈసారి పైన గడియారం కత్తిరించకుండా పంపు.

మీ మామయ్య